సైకిల్ పుల్లల మీద సగం కార్తీకం

పోయిన వారం సాయంత్రం భిలాయిలో మా రిసాలి మార్కెట్ దాటి వస్తుంటే ముక్కుకు ఒక వాసన తగిలింది. ఆవనూనెలో నానిన మాంసం నిప్పు మీద పడి, కొవ్వు కరిగి బొగ్గు మీద చుక్కచుక్కగా రాలి, ఆ చుక్కలే పొగై లేచి మళ్ళీ మాంసానికి చుట్టుకుంటే వచ్చే వాసన. స్కూటర్ నన్ను అడక్కుండానే పక్కకు తిరిగింది. చూస్తే ఒక తోపుడు బండి, బండి చుట్టూ రంగు లైట్లు, బండి మీద పొడుగాటి ఇనప పొయ్యి, దాని మీద వరసగా పరిచిన సన్నటి చువ్వలు, చువ్వలకు గుచ్చిన మటన్ ముక్కలు. ఇదేమిటి బాబూ అని అడిగితే బండి కుర్రాడు విసనకర్ర ఆపకుండానే, "అంకుల్, యే శ్రీకాకుళం కా ఖాన్‌దానీ తరీకా హై. అక్కడ ఊరూరా తాతముత్తాతల నుంచి ఇలాగే కాలుస్తారు," అన్నాడు. నువ్వెప్పుడైనా శ్రీకాకుళం వెళ్ళావా అంటే, "లేదంకుల్, ఫోన్‌లో చూశా," అన్నాడు.

నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. కార్తీకం నడుస్తోంది కాబట్టి అందులో ఏమీ పెట్టుకోలేదు. ఎదురుగా మటన్ ఉండగా నా నోరు తెరుచుకుని ఖాళీగా ఉండటం మా ఇంట్లోవాళ్ళు చూసి ఉంటే నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళు.

ఎందుకంటే ఆ తరీకా శ్రీకాకుళంలో పుట్టలేదు. అక్కడ దాని సంగతి చెబితే కొట్టడానికి వస్తారు. ఒకావిడ రైలెక్కి వచ్చింది కూడా, ఆవిడ మా మామ్మ. మేం పుల్ల మాంసం అని పిలిచే ఆ వంటకం పుట్టింది భిలాయిలో, సెక్టర్ ఆరులో, మా క్వార్టర్ వెనక సందులో, మా నాన్న సైకిల్ వెనక చక్రంలో. ఎనిమిదో తరగతి దగ్గర చదువూ నేనూ ఒకరికొకరం నమస్కారం పెట్టుకుని విడిపోయాం కాబట్టి దీన్ని చరిత్ర పుస్తకంలా చెప్పడం నాకు రాదు. కళ్ళతో చూసింది చూసినట్టు, నాన్న చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

ఆ రోజుల్లో భిలాయికి చలి దీపావళి టపాకాయల పొగ పట్టుకుని దిగేది. తెల్లారగట్ల ఫస్ట్ షిఫ్ట్ సైరన్ మోగేసరికి వెనక సందులో ప్రతి గుమ్మం ముందూ ఒక సిగ్డీ, అంటే పాత బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసిన బొగ్గుల కుంపటి, పిడక ముక్కనూ కిరసనాయిలు గుడ్డనూ నోట్లో కుక్కుకుని ముసలివాడిలా దగ్గుతూ నిద్రలేచేది. ఆ పొగ పైకి పోకుండా నడుం ఎత్తున పరుచుకుని నిలబడిపోతే, స్వెటర్లూ మఫ్లర్లూ బిగించుకుని డ్యూటీకి వెళ్ళే మనుషులకు నడుం కింద సైకిల్ కనిపించేది కాదు. టిఫిన్ డబ్బాలు పట్టుకుని గాల్లో కూర్చుని స్టీల్ ప్లాంటు వైపు తేలిపోతున్నట్టుండేవాళ్ళు. జామచెట్టు లేని క్వార్టర్ లేదు, ఆ చెట్టు మీద పక్క క్వార్టర్ పిల్లాడు లేని రోజూ లేదు. ఛత్తీస్‌గఢీ అవ్వలు గంపల్లో ఉడకబెట్టిన సింఘాడాలు తెచ్చేవాళ్ళు. ఆ నల్లటి కొమ్ముల కాయలను పళ్ళతో చీల్చి తెల్లటి గుజ్జు తినేసరికి పెదాలు గీసుకుపోయేవి. బిళ్ళంగోడును గిల్లీడండా అనీ, బొంగరాన్ని భౌంరా అనీ పిలిచేవాళ్ళం. ఆటలో గొడవొస్తే హిందీలో తిట్టుకుని, దెబ్బ తగిలితే తెలుగులో ఏడ్చేవాళ్ళం.

మా నాన్న పేరు పెంటయ్య. ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పని. టెక్కలి అవతల ఒక పల్లె నుంచి మీసాలు రాకముందే వచ్చాడు. అమ్మ ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది. ఆవిడకు తెలిసిన పంచాంగం రైళ్ళ టైమ్‌టేబుల్ ఒక్కటే. అందుకని మా ఇంట్లో పండగలూ పబ్బాలూ నిర్ణయించేది నాన్న. ఆయన నిర్ణయించే పద్ధతి ఏమిటంటే వెనక క్వార్టర్‌లోని బెహెరా బాబాయి వైపు చూడటం.

బెహెరా బాబాయి ఒడియా ఆయన. బ్రహ్మపురం దగ్గరి ఊరు. పెళ్ళిళ్ళు కాకముందు ఆయనా నాన్నా ఒకే గదిలో ఉండేవాళ్ళు. ఇద్దరికీ కలిపి ఒక సిగ్డీ, ఒక గిన్నె, రెండు కంచాలు. పుల్ల మాంసం పుట్టింది ఆ ఒక్క గిన్నె వల్లనే. బెహెరా బాబాయి కార్తీక మాసమంతా ఆ గిన్నెలో ఉప్పుడు బియ్యం, పెసరపప్పు, కంద వేసి ఒంటిపూట పథ్యపు వంట వండుకునేవాడు. ఉల్లిపాయ నీడ కూడా దాని మీద పడనిచ్చేవాడు కాదు. నెల అయ్యాక, పున్నమి మర్నాడు, వాళ్ళ ఒడియా వాళ్ళకు మాంసం తినే పండగ. ఛాడ ఖాయి అంటారు, విడుపు తిండి అని మనం చెప్పుకోవచ్చు. ఆ మొదటి ఏడు ఇద్దరూ పొద్దున్నే మాంసం తెచ్చుకున్నారు, నూరారు, కలిపారు, తీరా పొయ్యెక్కించబోతే బెహెరా బాబాయి గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడట. నెల్లాళ్ళు దేవుడి తిండి వండిన గిన్నెలో మాంసం పడకూడదన్నాడు. మరి దేంట్లో వండుతావురా అంటే, "నిప్పుకు మైల లేదు పెంటయ్యా," అన్నాడట. పండగపూట మాంసం ముందు పెట్టుకుని ఇద్దరు కుర్రాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవలసిన గతి. అప్పుడు నాన్న కళ్ళు గోడకు చేరేసిన తన సైకిల్ మీద పడ్డాయి. వెనక చక్రం అప్పటికే వంకరపోయి, మర్నాడు మరమ్మతుకు ఇవ్వవలసిందే. చక్రం విప్పి పుల్లలు, అంటే స్పోకులు, పీకాడు. చక్రం లేక నాలుగు రోజులు డ్యూటీకి నడిచి వెళ్ళాడు గానీ, ఆ రోజు తిన్న మాంసం గురించి ముప్పై ఏళ్ళ తరవాత చెబుతున్నప్పుడు కూడా ఆయన నోట్లో నీళ్ళూరేవి.

అలా ఇద్దరు కాల్చుకున్నది, పక్కవాళ్ళు వాసన పట్టి వచ్చి నలుగురైంది, పెళ్ళాలొచ్చి పది మందైంది, నాకు ఊహ వచ్చేసరికి సందు సందంతా అయింది. ఏటా కార్తీక పున్నమి మర్నాడు గుమ్మాల ముందు సిగ్డీలన్నీ లేచి వచ్చి సందు మధ్యలో బారుగా నిలబడేవి. బెహెరా బాబాయి నూరే ఆవముద్ద ఘాటుకు సందు చివర కుక్కలు కూడా తుమ్మేవి. ఆ ముద్దలో అల్లం, వెల్లుల్లి, ఎండుమిరప, మా పెరటి పచ్చి బొప్పాయి కోరు, మాంసం మునిగేటంత ఆవనూనె. అది ఒడియా వాటా. నాన్న వాటా పైన చల్లే నువ్వుకారం. వేయించిన నువ్వులు, మిరపకాయలు, ఉప్పు రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పుల్ల నిప్పు మీంచి దించీ దించగానే చల్లితే, నువ్వు గింజ వేడి కొవ్వులో చిటపటమని పగిలేది. పక్కన గంపెడు మురీలు, అవే మరమరాలు, చీల్చిన ముల్లంగి, పచ్చి ఉల్లి, నిమ్మ చెక్క.

పిల్లలకూ ఉద్యోగాలుండేవి. ఆడపిల్లలు విసనకర్రల ఇన్‌ఛార్జీలు, మగపిల్లలం పుల్లల ఇన్‌ఛార్జీలం. కొత్త పుల్ల పనికిరాదు, దాని మెరుపు పూత నిప్పులో పడితే విషమని నాన్న మొట్టికాయతో నేర్పాడు. మనుషుల బరువు మోసి మోసి పూత రాలిన పాత పుల్ల కావాలి. దాన్ని ముందురోజే ఎర్రగా కాల్చి, ఇటుక పొడితో తోమి, రాతి మీద దొర్లించి సాపు చేసి, నూనె రాసి పెట్టాలి. ఆ సాపు చెయ్యడంలో నాకు ఎంత పేరొచ్చిందంటే తరవాత బడి నన్ను వదిలేసినప్పుడు సైకిల్ షాపు పరిగెత్తుకొచ్చి చేరదీసుకుంది. లావు చువ్వ ముక్కను చీలుస్తుంది, వెదురు పుల్ల ముక్క ఉడక్కముందే కాలిపోతుంది. సైకిల్ పుల్ల సన్నగా ముక్క మధ్యలోకి దూరి, లోపలినుంచి కూడా వేడి అందించి, పైన నల్లగా పెళుసుగా, లోపల రసం ఇగరకుండా ఉడికిస్తుంది. కంచం అక్కర్లేదు. పుల్ల చివర చొక్కా అంచుతో పట్టుకుని, చలికి వణుకుతూ, మూతి కాల్చుకుంటూ, పళ్ళతో ఒక్కో ముక్క లాగి తినాలి. ఆ రోజు పెద్దా చిన్నా, ఫోర్‌మన్ ఖలాసీ తేడాలుండేవి కావు. పుల్ల పట్టుకున్న ఏ మనిషీ హోదాగా కనిపించలేడు.

ఇదంతా మన పద్ధతే అనుకుని పెరిగాను నేను. దీపావళి మర్నాడు కార్తీకం మొదలు, పున్నమికి కార్తీకం ఆఖరు, మర్నాడు పుల్ల మాంసం. ఆ మధ్యలో నాన్న ఎంత నిష్ఠగా ఉండేవాడంటే, ఒకసారి నేను బయట గుడ్డు తిన్నానని తెలిసి నన్ను చన్నీళ్ళతో తలంటి సందులో నిలబెట్టాడు. ఈ నెల్లో నీసు తినకూడదని వాళ్ళమ్మ మొక్కు ఉందనీ, తను ఏనాడూ తప్పలేదనీ అందరికీ చెప్పేవాడు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా అమ్మకు నెలలు నిండాయి. పురుడు పొయ్యడానికి మామ్మ మొదటిసారి భిలాయి బయల్దేరింది. ఊళ్ళో తెల్లారగట్లే పున్నమి దీపాలు వెలిగించుకుని ఆ మధ్యాహ్నమే రైలెక్కి, మర్నాటికి దుర్గ్ చేరాలి. నాన్న పొద్దున్నే స్టేషన్‌కు వెళ్తే బండి చాలా ఆలస్యమన్నారు. తిరిగొచ్చి, వాళ్ళమ్మ వచ్చేసరికి వేడివేడిగా పెడదామని సిగ్డీ ముట్టించాడు. ఆలస్యమన్న బండికి ఏం పుట్టిందో తొందరపడి వచ్చేసింది. మేం సందులో మహా జోరు మీదుండగా ఒక రిక్షా వచ్చి ఆగింది. అందులోంచి ఒక ట్రంకు పెట్టె, ఒక గంప, వాటి వెనకనుంచి ముక్కుకు రెండు వైపులా అడ్డబాసలు పెట్టుకున్న సన్నటి ముసలావిడ దిగారు.

నాన్న ముఖం చింకి చేటంత అయింది. ఏరి పక్కన పెట్టిన కార్జం ముక్కల పుల్ల తీసుకుని పరిగెత్తాడు. కాళ్ళకు దణ్ణం పెట్టడం కూడా మరిచిపోయి పుల్ల ఆవిడ ముఖానికి ఎదురుగా పెట్టి, "సరిగ్గా టయానికొచ్చినావే అమ్మా. నీకనే కార్జం అట్టిపెట్టినాను, తిను," అన్నాడు. ఆయన నోట్లో అప్పటికే ఒక ముక్క నలుగుతోంది.

మామ్మ ఆ పుల్లను చూసింది. కొడుకు దవడ ఆడటం చూసింది. సందంతా చూసింది. గంప కింద పెట్టి, నెమ్మదిగా ఆ మట్టిలోనే కూలబడింది.

"ఇయాల తిథేటిరా?"

"పాడ్యమే."

"ఏ నెల్లో పాడ్యమి?"

"కార్తీకం అయిపోయిన పాడ్యమి."

"ఎవులికి అయిపోనాది?"

నాన్న దవడ ఆగిపోయింది. చేతిలో పుల్ల అలాగే ఉంది, దాని చివర నూనె బొట్టు జారాలా వద్దా అని ఆలోచిస్తోంది. ఆయన మెల్లిగా తల తిప్పి బెహెరా బాబాయి వైపు చూశాడు. సందులో ఉన్న తెలుగువాళ్ళందరి తలలూ అటే తిరిగాయి. ఇన్ని తలలు ఒకేసారి తన మీదికి ఎందుకు తిరిగాయో అర్థంకాక బెహెరా బాబాయి, "కల్ పున్నమి హో గయా నా, మా జీ," అన్నాడు, నిన్నటి పున్నమితో అయిపోయింది కదమ్మా అన్నట్టు.

మనకు కార్తీకం అమావాస్య దాకా ఉంటుందని, పున్నమికి సగమే గడుస్తుందని నేను మొదటిసారి విన్నది ఆ మట్టిలో కూచున్న మామ్మ నోటినుంచే. మా నాన్న కూడా అప్పుడే విన్నాడు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నెలలు లెక్కపెట్టింది వాళ్ళమ్మ. ఆవిడ తినమంటే తిన్నాడు, మానమంటే మానాడు. ఇక్కడికొచ్చాక షిఫ్టులు తప్ప ఏదీ లెక్కపెట్టలేదు. బెహెరా విడిచిన రోజున తనూ విడిచాడు. కార్తీకాల్లో ఊరెళ్ళడానికి సెలవు దొరకదు, ఏటా వెళ్ళేది ఎండాకాలంలోనే, కాబట్టి మామ్మకూ తెలిసే దారి లేదు.

సందులో మిగతా తెలుగువాళ్ళ సంగతేమిటని మీరు అడుగుతారు. మామ్మ కూడా అదే అడిగింది. ముందు విజయనగరం అత్తను పిలిచి, మీ ఇళ్ళల్లో ఇలాగేనా అంది.

"మా వైపు లేదు పిన్నీ. ఇది మీ సిక్కోలోల పద్ధతేమోననుకున్నాం."

పక్కనున్న అనకాపల్లి అత్త తెల్లబోయింది. "నాను ఇజీనారపోలదనుకున్నాను కదొదినా."

నాన్న తల దించుకుని, "ఇశాపట్నమోలది అనుకున్నాను," అన్నాడు.

మూడు జిల్లాల వాళ్ళు ఒకే సందులో అన్నేళ్ళు ఉండి, ఇది నాది కాదే అని ఎవరికి వాళ్ళకు తెలిసి, పక్క జిల్లావాడి ఆచారం పాడుచెయ్యడం ఎందుకని మర్యాదగా నోరు మూసుకుని, మూసిన నోటితోనే పుల్లలకు పుల్లలు లాగించేశారు. మన జనం మర్యాద పాటిస్తే ఇంత పని జరుగుతుందని నాకప్పటిదాకా తెలీదు.

అయితే అసలు పిడుగు ఇంకా పడలేదు. మామ్మకు ఇచ్ఛాపురం సంతల్లో అబ్బిన ఒడియా వచ్చు. బెహెరా బాబాయి భార్యను కూచోబెట్టి వివరాలు అడిగింది. ఆవిడ పాపం ఓపిగ్గా చెప్పింది. వాళ్ళ కార్తీకం దసరా తరవాత వచ్చే పున్నమికి మొదలవుతుంది, కార్తీక పున్నమికి ముగుస్తుంది. చివరి ఐదు రోజులూ కొంగ కూడా చేప ముట్టదని కూడా చెప్పింది. మామ్మ నా వైపు తిరిగి, "దీపావళి ముందు పక్షం మీరేటి తిన్నారురా గుంటా?" అంది. నేను అబద్ధం ఆడవలసిన సమయమని తెలీక, రొయ్యలూ, చేపలూ, దీపావళి ముందురోజు కోడీ అని రుచులతో సహా చెప్పాను.

"ఆలకీ నెల్లాళ్ళే, మనకీ నెల్లాళ్ళే. మీరేటి సేసినారు? మన కాడ ఎక్కి ఆల కాడ దిగిపోనారు. శివుడికే అరటిక్కెట్టు కొట్టీసినారు," అంది మామ్మ.

నాకు నవ్వొచ్చింది గానీ మామ్మ చేతులు చూసి ఆగిపోయింది. అవి నాన్న మణికట్టు దగ్గర నాడి వెతుకుతున్నాయి.

ఆ వెతుకులాట ఎందుకో ఆ రాత్రి అమ్మ చెప్పింది. నాన్నకు ముందు మామ్మకు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. నాన్న పుట్టగానే బతికించుకోవడానికి పెంటకుప్ప మీద దొర్లించి, ఆ పేరే పెట్టారు. శ్రీముఖలింగం వెళ్ళి, వీడు బతికినన్నాళ్ళూ కార్తీకంలో వీడి నోట నీసు ముట్టనివ్వను, వీణ్ణి నాకు ఉంచు అని మొక్కింది. ఆవిడ లెక్కలో కొడుకు ప్రాణం ఆ మాట మీద నడుస్తోంది. ఆ మాట ఏటా తెగుతూనే ఉందని ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ దేవుడు ఎందుకు ఊరుకున్నాడో ఆవిడకు అర్థం కావడంలేదు. ఇవాళ తనకు తెలిసింది కాబట్టి, ఇవాళో రేపో ఆయన వచ్చి తీసుకుపోతాడు.

అమావాస్య దాకా ఆ పక్షం రోజులు నాన్న కడుపు కడిగినట్టు ఉపవాసాలున్నాడు. మామ్మ ఆయన్ని సంతలో ఎద్దును తడిమినట్టు తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసేది. షిఫ్టుకు సైకిలెక్కుతుంటే హ్యాండిల్ పట్టుకుని వదిలేది కాదు. సైరన్ మోగాక సందు చివర నిలబడి, వచ్చే సైకిళ్ళన్నిట్లోనూ కొడుకు మఫ్లర్ వెతుక్కునేది. ఆయన ఐదు నిమిషాలు ఆలస్యమైతే నా భుజం మీద ఆవిడ గోళ్ళు దిగేవి. ఒకరోజు ఆవిణ్ణి నవ్వించాలని, "మామ్మా, శివుడికి మన క్వార్టర్ నంబర్ తెలీదులే," అన్నాను.

"అడ్రసు నానే ఇచ్చినాను కదరా," అంది ఆవిడ, సందు వైపే చూస్తూ.

అమావాస్య వెళ్ళిన తెల్లారి పోలి పాడ్యమి. నది లేదు, చెరువు లేదు. పెరట్లో సిమెంటు తొట్టి నింపి, బెహెరా బాబాయి భార్య తెచ్చిచ్చిన అరటి దొప్పల మీద మామ్మ దీపాలు వదిలింది. పున్నమి తెల్లవారుజామున వాళ్ళూ అరటి దొప్పల పడవలే వదులుతారట. ఇద్దరూ తొట్టికి చెరో పక్కా కూచుని నీళ్ళు తోస్తుంటే దీపాలు ఈవిడ ఒడ్డుకీ ఆవిడ ఒడ్డుకీ తిరిగాయి. సైరన్ మోగింది. నైట్ డ్యూటీ దిగి నాన్న సైకిల్ గంట కొట్టుకుంటూ వచ్చాడు. మామ్మ తడి చేత్తో ఆయన బుగ్గ నిమిరి, "సిగ్డీ ముట్టించు," అంది.

నాన్న సైకిల్ దిగకుండానే మాంసానికి వెళ్ళాడు. ఆవిడే పీట వేసుకుని కూచుని పుల్లలకు ముక్కలు గుచ్చింది. ఆవిడే మొదటి పుల్ల తీసుకుంది. ముక్క లాగింది, నమిలింది, చాలాసేపు నమిలింది. సందంతా ఆవిడ నోటి వైపే చూస్తోంది.

"ఉప్పు సాల్లేదు," అంది.

మూడో పుల్ల దగ్గర తీర్పు చెప్పింది. బెహెరా వాళ్ళ పండగ వాళ్ళది, పున్నమి మర్నాడు సందులో నిప్పు ఆరకూడదు, బెహెరా ఒంటరిగా కూచుని తినకూడదు. పెంటయ్య కాలుస్తాడు, పెడతాడు, తను మాత్రం అమావాస్య దాకా ముట్టడు. పిల్లలూ పక్కవాళ్ళూ వాళ్ళ ఇష్టం, అరటిక్కెట్టు మనుషులు అరటిక్కెట్టులోనే పోతారు. ఇక పెంటయ్య ఇన్నేళ్ళూ తినేసిన పక్షాలున్నాయి కదా, అవి తను కట్టుకుంటుంది. బెహెరా వాళ్ళతోపాటు దసరా పున్నానికే మొదలుపెట్టి, మన అమావాస్యకు దించుతుంది. ఏడాదికి ఒక పక్షం చొప్పున కొడుకు తిన్నవన్నీ తీరేదాకా.

చెల్లెలు పుట్టింది, మామ్మ ఉండిపోయింది. ఏటా నెలన్నర కార్తీకం చేసింది. ఆ పదిహేను రోజులూ దీపావళి కోడి వాసన ఇంట్లో గుప్పుమంటుంటే, ఆవిడ బెహెరా బాబాయి భార్య పక్కన కూచుని కందముక్కలు తినేది. నేను సైకిల్ షాపులో చేరి మీసాలు వచ్చాక, ఒక ఎండాకాలం మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయింది. కొడుకు అప్పటికి డ్యూటీనుంచి వచ్చి పక్కనే పడుకుని గురక పెడుతున్నాడు. ఆ గురక వింటూ పోయి ఉంటుంది. ఆవిడ కోరుకున్నదీ అదే.

తరవాత గ్యాసు సిలిండర్లు వచ్చి సిగ్డీలు మట్టి రాలిపోయి పెంటకుప్పలెక్కాయి. సైకిళ్ళు పోయి స్కూటర్లొచ్చాయి. స్కూటర్ చక్రానికి పుల్లలుండవు. బెహెరా వాళ్ళు రిటైరై బ్రహ్మపురం వెళ్ళిపోయారు. ఆయన పోయాడని ఫోనొచ్చిన రోజు నాన్న అన్నం తినలేదు. విజయనగరం అత్తా, అనకాపల్లి అత్తా కొడుకుల దగ్గరికి చెరో దిక్కూ పోయారు. ఆ మధ్య పనిమీద సెక్టర్ ఆరు వెళితే, సందులో జిల్లేళ్ళు నా ఎత్తు పెరిగి ఉన్నాయి. మేం రిసాలిలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. ఇప్పుడు తెల్లారేసరికి ఫోన్‌లో తిథీ, నక్షత్రం, వర్జ్యం అన్నీ వచ్చి పడతాయి. పక్క జిల్లావాడి ఆచారమనుకుని పొరపాటు పడదామన్నా వీల్లేదు.

బండి కుర్రాడి మాట నన్ను గిచ్చుతూనే ఉంది. పున్నమి మర్నాడు పాత బకెట్టుకు మట్టి మెత్తి, షాపులో మూలన పడున్న పాత పుల్లలు తోమి, మాంసం తెచ్చి, మేడ మీద నాన్న ముందు పెట్టాను. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు పనిచెయ్యవు, చెవులు సగమే పనిచేస్తాయి. కానీ పుల్ల చేతికి రాగానే వేళ్ళు వాటంతటవే కదిలాయి. మనవలకు ఎంతెంత దూరంలో గుచ్చాలో చూపించాడు. నువ్వుకారం చల్లి ఒక్కొక్కరికీ అందించాడు. నేను నాలుగు పుల్లలు ఖాళీ చేశాక గమనించాను, ఆయన చెయ్యి నోటి దాకా వెళ్ళడంలేదు.

"నువ్వూ తిను నాన్నా. మామ్మ లేదు కదా కొట్టడానికి."

మా ఆవిడ నా వైపు వింతగా చూసింది. "అరే, మీకు పతా లేదా? మామయ్యగారు దసరా పున్నమి నుంచీ నీసు ముట్టరు. అమావాస్య దాకా అంతే."

"ఈ ఏడా?"

"ఏటా. నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ చూస్తున్నా. వేరే పప్పు వండేది నేనే కదా."

షాపులో పడి డబ్బా తిండి తినే మనిషిని, ఇంట్లో ఎవరి కంచంలో ఏముందో నాకెలా తెలుస్తుందని అనబోయాను. అందరికీ వడ్డించే మనిషి తిన్నాడో లేదో ఎవరూ చూడరు. మామ్మ పోయి పాతికేళ్ళు దాటింది. అన్నేళ్ళూ ఈ మనిషి నెలన్నర కార్తీకం చేస్తున్నాడు, నా పక్క గదిలో ఉండి.

"ఆవిడ అన్నీ కట్టేసే ఉంటుంది కదా నాన్నా," అన్నాను ఆయన చెవి దగ్గర.

"కట్టే ఉంటాది."

"మరి నువ్వెందుకు?"

ఆయన పుల్ల తిప్పాడు. రెండో వైపు ఇంకా పచ్చిగా ఉంది, నిప్పు మీదికి జరిపాడు.

"ఎన్ని కట్టినాదో నాకు సెప్పలేదు కదేటి. లెక్క దానితోటే పోనాది. ఒక్క పక్షం మిగిలిపోనాదనుకో, అమ్మ అక్కడ నిలబడి అడిగితే నానేటి సెప్పను?"

ఆయన నా చేతిలో పుల్ల ఖాళీ అయిందని చూసి, ఇంకొకటి దించి, కారం చల్లి అందించాడు.

"తిను, సల్లారిపోద్ది," అన్నాడు.